18 ఏళ్లు నిండేదాకా అమ్మానాన్నల అనుమతి: పిల్లల డేటాకు ఇది రక్షణేనా?

గుంటూరు టీచర్:
2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో 9వ సెక్షన్ పిల్లల గురించి. 18 ఏళ్లలోపు వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఇచ్చింది నిజంగా తల్లిదండ్రులేనని తేల్చుకోవాలి. పిల్లలను ట్రాక్ చేయకూడదు, వాళ్లకు గురిపెట్టి ప్రకటనలు చూపకూడదు. తప్పితే 200 కోట్ల దాకా జరిమానా. రూల్స్ 2025 నవంబర్‌లో వచ్చాయి, ఈ భాగం అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు.

ట్రాకింగ్ నిషేధానికి నా పూర్తి మద్దతు. అనుమతి దగ్గరే నా అభ్యంతరం. మా బడి పిల్లల ఇళ్లలో చాలాచోట్ల అమ్మకు ఫోన్‌లో ఏదైనా తెరిచిపెట్టేది పిల్లలే. ఓటీపీ వచ్చేదీ వాళ్ల చేతిలో ఉన్న ఫోన్‌కే. ఇక ఇంట్లో కొడుతున్నారని ఎక్కడైనా చెప్పుకోవాలనుకునే 17 ఏళ్ల అమ్మాయి ఎవరి అనుమతి అడగాలి?

కరీంనగర్ అమ్మ:
టీచర్ గారూ, మీరు చెప్పే అమ్మాయి బాధ నాకు అర్థమవుతుంది. కానీ మా ఇంట్లో జరిగింది వినండి. మా పెద్దాడి టెన్త్ పరీక్షలు ఇంకా అవలేదు, జూనియర్ కాలేజీల నుంచి ఫోన్లు మొదలు. వాడి పేరు, బడి పేరు, నా నంబర్ అన్నీ వాళ్ల దగ్గరున్నాయి. ఎవరిచ్చారని అడిగితే "మా లిస్టులో ఉంది మేడం" అంటారు. నా బిడ్డ వివరాలు చేతులు మారుతుంటే నన్ను ఒక్కమాట అడగమని చట్టం చెబితే తప్పేముంది? 14 ఏళ్ల పిల్లాడు ప్రైవసీ పాలసీ చదివి ఒప్పుకుంటాడా?

డల్లాస్ నుంచి:
ఇక్కడ ఇలాంటి చట్టం 1998లోనే వచ్చింది, కోపా అంటారు. వయసు హద్దు 13. చాలా సైట్లు 13 లోపు వాళ్లకు ఖాతా లేదని రాసి ఊరుకున్నాయి, పిల్లలు పుట్టిన సంవత్సరం మార్చి లోపలికి వెళ్లారు. దెబ్బ తగిలింది మాత్రం వేరేచోట. పిల్లల వీడియోలు చూసేవాళ్ల డేటా తీసుకుని ప్రకటనలు చూపినందుకు 2019లో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు కట్టాయి. ఆ తర్వాతే పిల్లల వీడియోల మీద అలాంటి ప్రకటనలు ఆపారు. కంపెనీ లాభాన్ని కదిలిస్తేనే పని జరుగుతుంది. అనుమతి పేరుతో బరువంతా తల్లి మీద పడుతుంది, ఆవిడ టిక్కు పెట్టాక కంపెనీ నిశ్చింతగా ఉంటుంది.

గుంటూరు టీచర్:
కరీంనగర్ అమ్మ గారూ, మీ కోపం న్యాయమైనది. కానీ ఆ లిస్టు ఏదో యాప్ నుంచి వచ్చిందనుకోను. బడి రిజిస్టర్ నుంచో ట్యూషన్ సెంటర్ నుంచో వెళ్లి ఉంటుంది. చదువుకు, పిల్లల భద్రతకు అవసరమైనంత వరకు ట్రాకింగ్ విషయంలో రూల్స్ విద్యాసంస్థలకు మినహాయింపు ఇచ్చాయి. లిస్టు అమ్ముకోవడం అందులోకి రాదు. అసలు నిఘా ఉండాల్సింది అక్కడ.

వరంగల్ లాయర్:
ఇంకో రెండు మాటలు. జరిమానా కట్టించినా ఆ డబ్బు ప్రభుత్వ ఖజానాకే, బిడ్డకు రూపాయి రాదు. ఐటీ చట్టంలో నష్టపరిహారం ఇప్పించే 43ఎ సెక్షన్‌నూ ఈ చట్టమే తీసేస్తోంది. పిల్లల పేరుతో తెచ్చిన చట్టంలో ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే విషయం. 17 ఏళ్ల అమ్మాయి గురించి టీచర్ గారు అడిగిన ప్రశ్నకైతే చట్టంలోనే కొంత దారి ఉంది. డేటాను భద్రంగా వాడుతున్న సంస్థలకు ఈ వయసు హద్దు తగ్గించే అధికారం 9వ సెక్షన్‌లోని 5వ ఉపసెక్షన్ కేంద్రానికి ఇచ్చింది. పిల్లలకు సాయం చేసే వేదికలకు 16 చాలని అడుగుదాం. ట్రాకింగ్ నిషేధం మాత్రం 18 దాకా అలాగే ఉండాలి.

కరీంనగర్ అమ్మ:
అలాగైతే నాకూ సమ్మతమే. కానీ ఆ లిస్టు మీద ఫిర్యాదు ముందు ఎవరికి చేయాలి, లాయర్ గారూ?

వరంగల్ లాయర్:
చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక, ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా. జవాబు సరిగా లేకపోతే ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా ప్రొటెక్షన్ బోర్డుకు. ఈలోగా వచ్చిన ప్రతి కాల్ నంబర్, తేదీ రాసి ఉంచండి.