వెన్నులో వేసే మందులకు వేరే సిరంజి తప్పనిసరి చేయాలా?

లీడ్స్_డివైస్: స్పైనల్ (వెన్నులో ఒక్కసారి ఇచ్చే మత్తు సూది), ఎపిడ్యూరల్ (వీపులో సన్నని గొట్టం పెట్టి ఇస్తూ ఉండే నొప్పి మందు), నరాల బ్లాకులకు (ఒక నరాన్ని మొద్దుబార్చే సూది) వాడే సూదులూ సిరంజిలూ ఎన్ఆర్‌ఫిట్ అనే ప్రత్యేక కనెక్టర్‌కి మార్చాలని 2024 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ అలర్ట్ ఇచ్చింది. దాని మూతి మామూలు సిరంజి మూతి (లూయర్) కంటే సుమారు 20 శాతం సన్నం. రక్తనాళానికి వాడే ఐవీ సిరంజి తెచ్చి వెన్ను సూదికి పెడదామన్నా కూర్చోదు. జపాన్ అంతకుముందే మారింది. 2001లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో రక్తనాళంలోకి ఇవ్వాల్సిన క్యాన్సర్ మందు విన్‌క్రిస్టీన్‌ని 18 ఏళ్ల కుర్రాడి వెన్నులోకి ఎక్కించారు, బతకలేదు. మన దగ్గరా తప్పనిసరి చేయాలంటాను.

మత్తుడాక్టర్_గుంటూరు: విన్‌క్రిస్టీన్‌కి అంత హంగామా ఎందుకండీ? సిరంజి మానేసి చిన్న సెలైన్ బ్యాగులో కలిపి ఇస్తే సరి, బ్యాగుడు మందు వెన్నులోకి ఎవరూ ఎక్కించరు. డబ్ల్యూహెచ్‌ఓ 2007లోనే చెప్పింది. ఆపరేషన్ థియేటర్‌లో నాకు భయం యాంపూల్స్‌తోనే, అంటే మందుండే చిన్న గాజు సీసాలతో. సిజేరియన్ ట్రేలో వెన్నుకిచ్చే మత్తు మందు బుపివకెయిన్ హెవీ పక్కనే రక్తస్రావం ఆపే ట్రానెక్సమిక్ యాసిడ్ ఉంటుంది. అది వెన్నులోకి వెళితే ఫిట్స్ వస్తాయి, ప్రాణాలూ పోతాయి. దీని మీద కూడా డబ్ల్యూహెచ్‌ఓ 2022లో హెచ్చరించింది. తప్పు యాంపూల్ లాగితే మీ కొత్త సిరంజి దాన్ని బుద్ధిగా వెన్నులోకే చేరుస్తుంది.

నైట్‌డ్యూటీ_కరీంనగర్: సార్, ట్రానెక్సా ట్రేలోంచి తీసి వేరే చోట పెట్టొచ్చు, దానికి రూపాయి ఖర్చు లేదు. వార్డు సంగతి చెప్పండి. ఒక లైను చేతికి, ఒకటి వీపుకి, రెండింటికీ ఒకటే మూతి. 2004లో ఇంగ్లండ్‌లోనే స్విండన్‌లో ఎపిడ్యూరల్ మందు చేతి లైనులో ఎక్కి బాలింత చనిపోయింది. మేమూ లేబుల్ అంటిస్తాం. చెమటకి ఊడుతుంది. రాత్రి మూడింటికి లైను వెంట వేలు పెట్టి వెతుక్కునేది మేమే.

స్టోర్స్_బెజవాడ: చెప్పడం తేలికే. సూది, సిరంజి, ఫిల్టర్, ఎక్స్‌టెన్షన్, మందు లాగే సూది... ఇవన్నీ ఒక్కసారే రావాలి. టెండర్‌లో ఒక్కటి వెనకబడితే పేషెంట్ బల్ల మీద ఉండగా సూది కొత్తది, సిరంజి పాతది. అప్పుడు ఎవరో ఒకరు పాత మూతినీ కొత్త మూతినీ కలిపే అడాప్టర్ తెప్పించి పెట్టేస్తారు.

లీడ్స్_డివైస్: అడాప్టర్ లోపలికి వచ్చిందంటే ఇంత డబ్బు పెట్టి మారడం దండగ. మొదలు ఎపిడ్యూరల్ కిట్‌తో పెట్టుకుందాం. సూది, క్యాథెటర్, ఫిల్టర్ ఒకే సీల్డ్ ప్యాకులో వస్తాయి కాబట్టి స్టోర్స్ గారు చెప్పిన చిక్కు సగం తీరుతుంది. స్పైనల్ తర్వాత చూద్దాం. యాంపూల్ విషయంలో మాత్రం డాక్టర్ గారిదే పైచేయి, కనెక్టర్ మందు పేరు చదవలేదు.

మత్తుడాక్టర్_గుంటూరు: ఎపిడ్యూరల్ వరకైతే నాకూ సమ్మతమే. సిస్టర్ చెప్పిన ప్రమాదం యాంపూల్ సర్దితే పోయేది కాదు. ఒక్క షరతు: వార్డులో మధ్యమధ్య అదనపు డోసు (టాప్-అప్) ఇవ్వడానికి వాడే సిరంజిలు కిట్‌లో సరిపోవు. విడిగా పెట్టకపోతే మొదటి రాత్రే మందు ఆగుతుంది. అది కూడా టెండర్‌లో రాయండి స్టోర్స్ గారూ.

స్టోర్స్_బెజవాడ: రాస్తాను. నెలకెన్ని కావాలో రాసిన కోరిక పత్రం (ఇండెంట్) మాత్రం మీ సంతకంతో రావాలి. మిగిలిపోతే ఆడిట్‌లో అడిగేది నన్నే.