క్యాట్‌కు లక్ష్యంగా పెట్టుకోవలసింది పర్సంటైలా, మార్కులా?

ఐఐఎంల వంటి మేనేజ్‌మెంట్ విద్యాసంస్థల్లో ప్రవేశానికి నవంబరులో జరిగే క్యాట్‌కూ, ఆ తరువాత తెలుగు రాష్ట్రాల్లో ఎంబీఏ, ఎంసీఏ ప్రవేశాలకు జరిగే ఐసెట్‌కూ కలిపి సిద్ధమవుతున్న నాకు అనుభవజ్ఞుల సలహా కావాలి. ఐసెట్‌లో 150 నిమిషాల్లో 200 ప్రశ్నలుంటాయి. తప్పు జవాబుకు మార్కు పోదు కనుక ఒక్కటీ వదలకూడదు. క్యాట్‌లో మాత్రం ఒక్కో విభాగానికి 40 నిమిషాలే ఇచ్చి, సరైన జవాబుకు 3 మార్కులు వేసి, బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పుకు 1 మార్కు కోస్తారు కాబట్టి, ఏ ప్రశ్నను వదిలేయాలో తెలియడమే అసలైన నైపుణ్యమని నాకనిపిస్తోంది.

పర్సంటైల్ అంటే నాకంటే తక్కువ మార్కులు వచ్చినవారి శాతం; అది తోటి అభ్యర్థుల ప్రతిభను బట్టి మారుతుంది, నా చేతిలో లేదు. అందుకే 99 అన్న అంకెను పట్టుకుని కూర్చోవడం కంటే, విభాగానికి ఇన్ని ప్రశ్నలు కచ్చితంగా చేయాలని నిర్ణయించుకోవడం మేలని నా అభిప్రాయం. అయితే ఐఐఎంలు విభాగాలవారీ కటాఫ్ (ఒక్కో విభాగంలో రావలసిన కనీస పర్సంటైల్) కూడా చూస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివిన నాకు గణితంలో ధైర్యముంది కానీ, ఆంగ్ల పఠన విభాగంలో మాక్ టెస్టు మార్కులు నిలకడగా ఉండటం లేదు. అవి పడిపోయిన రోజున మరి చదువు సాగదు.

విశాఖపట్నం ఐఐఎం వంటి సంస్థలో సీటు ఆశించినవారు ఈ ఆంగ్ల విభాగానికి ఎంత లక్ష్యం పెట్టుకున్నారు? మాక్ మార్కులు తగ్గినప్పుడు ఆ లక్ష్యాన్ని సవరించుకున్నారా? పరీక్షలో మొదట వచ్చేదీ ఈ విభాగమే గనుక, అది సరిగా రాయలేకపోతే మిగిలిన రెండింటికి మనసును ఎలా కుదుటపరచుకున్నారో దయచేసి వివరంగా చెప్పగలరు.