ఉచితంగా గేమ్‌లు పంచితే కొత్త స్టోర్ నిలబడుతుందా?

మాధవి_బిల్డ్స్

అందరికీ నమస్కారం. మేం నలుగురం కలిసి చిన్న స్టూడియోల గేమ్‌లు అమ్మే పీసీ స్టోర్ ఒకటి తయారుచేస్తున్నాం. పజిళ్లు, కథ నడిచే గేమ్‌లు, అలాంటివి. సైటు, గేమ్‌లు దించుకుని తెరవడానికి పీసీలో పెట్టుకునే లాంచర్ దాదాపు సిద్ధం. ప్రచారానికి దాచుకున్న డబ్బు దగ్గరే మాలో మాకు పడటం లేదు. ఆ డబ్బంతా డెవలపర్లకిచ్చి నెలకో గేమ్ ఉచితంగా పంచుదాం, ఎపిక్ గేమ్స్ వాళ్ల పీసీ స్టోర్ జనాన్ని తెచ్చుకుంది అలాగే కదా అని ఇద్దరు పట్టుబడుతున్నారు. డబ్బు అయిపోయాక ఆ వచ్చినవాళ్లు ఉంటారా అన్నది నా భయం. స్టోర్ల వ్యవహారం దగ్గర్నుంచి చూసినవాళ్లు, తమ గేమ్‌ని ఇలా ఉచితంగా ఇచ్చిన డెవలపర్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. మా దగ్గర రెండోసారి పెట్టడానికి డబ్బు లేదు.

గురువారం గేమర్

ఆడేవాడిగా నా మాట చెప్తాను. గురువారం వచ్చిందంటే ఎపిక్‌లో ఉచిత గేమ్ తీసుకోవాల్సిందే. 2020 మే నెలలో జీటీఏ 5 గేమ్ ఇచ్చిన రోజు సైటు పడిపోతే, మళ్లీ లేచేదాకా రిఫ్రెష్ కొడుతూనే కూర్చున్నాను. లైబ్రరీ నిండిపోయింది. డబ్బు పెట్టి కొనాలంటే మాత్రం వాల్వ్ కంపెనీ స్టోర్ స్టీమ్‌కే వెళ్తాను. స్నేహితులంతా అక్కడే ఉన్నారు. రివ్యూలు అక్కడే చదువుతాను. ఎక్కడైనా ఇరుక్కుపోతే ఎవరో రాసిన గైడ్ అక్కడే దొరుకుతుంది. ఎపిక్ మీద నాకు కోపమేం లేదండి, అభిమానమే. అయినా కొనేటప్పుడు చెయ్యి అటు పోదు.

రెండో లెవెల్

మాధవి గారూ, మీరు అడిగిన రెండో రకం మనిషిని నేను. మా స్టూడియో గేమ్ ఒకటి ఓ స్టోర్‌లో వారం పాటు ఉచితంగా వెళ్లింది. ఎంతమంది తీసుకున్నా సంబంధం లేకుండా ముందే ఒక మొత్తం మాట్లాడుకుని ఇచ్చేశారు. ఆ డబ్బుతోనే మా తర్వాతి గేమ్ సగం తయారైంది, కాబట్టి డెవలపర్‌గా నేను దీన్ని ఎప్పటికీ తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ వారం తర్వాత అదే స్టోర్‌లో మా పాత గేమ్‌ల అమ్మకాలు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. మా పేరు విన్నవాళ్లు వెతుక్కుంటూ వచ్చింది వేరే స్టోర్‌కి. వాళ్లు రోజూ తెరిచేది అదే మరి.

ఇప్పుడు ఎపిక్ సంగతి. 2018 డిసెంబర్‌లో స్టోర్ తెరుస్తూనే సబ్‌నాటికా అనే గేమ్ ఉచితంగా ఇచ్చారు. 2021లో ఆపిల్‌తో నడిచిన కేసులో ఆ లెక్కలు బయటికొచ్చాయి. సబ్‌నాటికా ఒక్కదానికి 14 లక్షల డాలర్లు. మొదటి తొమ్మిది నెలల్లో 38 గేమ్‌లకి సుమారు 1.16 కోట్ల డాలర్లు. వాటి వల్ల చేరిన కొత్త ఖాతాలు 50 లక్షలకు దగ్గర, అంటే ఒక్కో ఖాతాకి రెండున్నర డాలర్లు కూడా పడలేదు. ప్రకటనలిచ్చి మనుషుల్ని తెచ్చుకునే ఖర్చుతో పోలిస్తే ఇది చాలా చవక. మీ ఇద్దరు స్నేహితులు చెప్తున్నది ఇక్కడిదాకా నిజమే.

కానీ అక్కడ కొన్నది ఖాతాల్ని. వాళ్లు కొనుగోలుదారులయ్యారా అన్నది ఎపిక్ ఏటా తనే వేసే లెక్కల్లో చూడండి. 2023లో పీసీ ఖాతాలు 27 కోట్లు, ఇతర కంపెనీల గేమ్‌ల మీద జనం పెట్టిన ఖర్చు 31 కోట్ల డాలర్లు. 2024లో ఖాతాలు 29.5 కోట్లకి పెరిగాయి. ఆ ఒక్క ఏడాదిలో 89 గేమ్‌లు పంచారు. ఇతర కంపెనీల గేమ్‌ల మీద ఖర్చేమో 25.5 కోట్లకి పడిపోయింది. మొత్తం ఖర్చు 109 కోట్లు కదా అంటారేమో, అందులో మిగతాదంతా ఫోర్ట్‌నైట్ లాంటి వాళ్ల సొంత గేమ్‌లది. మీకు ఫోర్ట్‌నైట్ లేదు. ఏళ్ల తరబడి నష్టాన్ని భరించగలిగింది వాళ్ల వెనకాల ఆ గేమ్ ఉంది కాబట్టే. మీ స్నేహితులు ఈ తేడా గమనించాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇంకొకటుంది. ఎపిక్ స్టోర్‌లో షాపింగ్ కార్ట్ వచ్చింది 2021 డిసెంబర్‌లో. మూడేళ్లు గేమ్‌లు పంచుతూ జనాన్ని లోపలికి పిలిచారు, రెండు గేమ్‌లు కలిపి ఒకేసారి కొనుక్కునే వీలు మాత్రం ఇవ్వలేదు. ఆ మూడేళ్లలో వచ్చి చూసి వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో! మొదటిసారి చూసిన స్టోర్ ఎలా ఉందో అదే మనసులో ఉండిపోతుంది.

గేమ్‌ల కంపెనీ ఈఏ వాళ్ల సొంత స్టోర్ ఆరిజిన్ కూడా 2014లో ‘ఆన్ ది హౌస్’ పేరుతో డెడ్ స్పేస్ గేమ్ నుంచి మొదలుపెట్టి మంచి మంచి గేమ్‌లే ఇచ్చింది. చివరికి 2019లో ఈఏ తన కొత్త గేమ్‌లతో స్టీమ్‌కి తిరిగొచ్చింది. వాల్వ్ తీరు వేరు. 2004లో వాళ్ల గేమ్ హాఫ్ లైఫ్ 2 ఆడాలంటే స్టీమ్ పెట్టుకోక తప్పలేదు, జనం తిట్టుకుంటూనే పెట్టుకున్నారు. 2010 మేలో స్టీమ్ మ్యాక్‌కి వచ్చినప్పుడు పోర్టల్ అనే తమ గేమ్‌ని కొద్ది రోజులు ఉచితంగా ఇచ్చారు. ‘మీ మ్యాక్‌లో ఇప్పుడు ఇది నడుస్తుంది, చూడండి’ అని చెప్పడానికి ఇచ్చినది అది. ఉచితానికి అలాంటి పని ఒకటి అప్పజెబితే దానికి విలువ ఉంటుందని నా నమ్మకం.

సాత్విక్_ఆర్

అన్నా, 2024 దగ్గర ఆపేస్తే ఎలా? 2025లో ఇతర కంపెనీల గేమ్‌ల మీద ఖర్చు 40 కోట్ల డాలర్లకి చేరిందని ఎపిక్ చెప్పింది. అంతకుముందు ఏడాదికంటే 57 శాతం ఎక్కువ. ఏళ్ల తరబడి లోపల కూర్చున్న జనం ఇప్పుడు కొంటున్నారేమో కదా. అలవాటు కావడానికి టైమ్ పడుతుంది.

రెండో లెవెల్

మంచి మాట సాత్విక్, ఆ అంకె నిజమే, నాకూ సంతోషంగా ఉంది. రెండో బలమైన స్టోర్ ఉంటే మా లాంటి డెవలపర్లకే లాభం. అమ్మకంలో వాటాగా స్టీమ్ మామూలుగా 30 శాతం తీసుకుంటుంటే 12 శాతంతో మొదలుపెట్టింది ఎపిక్ వాళ్లే. అయితే ఆ పెరుగుదల రావడానికి ఏడేళ్లు పట్టింది, ఈలోపు లాంచర్ కూడా చాలా మారింది. పెరిగింది ఉచిత గేమ్‌ల వల్లే అని విడదీసి చెప్పడం కష్టం. ఏడేళ్లు ఆగగలిగే స్టోర్ అయితే నేనూ పంచమనే అంటాను.

మాధవి_బిల్డ్స్

మీ ముగ్గురికీ చాలా థాంక్స్. అంటే అసలు ఇవ్వొద్దంటారా? ఒక్క గేమ్‌కి మాత్రమే డబ్బు పెడితే ఏది ఎంచుకోమంటారు?

రెండో లెవెల్

ఇవ్వండి, కానీ తెరిచిన రోజు వద్దు. కార్ట్, రీఫండ్, విష్‌లిస్ట్, రివ్యూలు నాలుగూ సరిగ్గా పనిచేస్తున్నాయని మీకు నమ్మకం కుదిరాక ఇవ్వండి. ముఖ్యంగా రీఫండ్. కొత్త స్టోర్‌లో మొదటిసారి కార్డు వాడేవాడికి డబ్బు వెనక్కొస్తుందన్న భరోసా కావాలి. స్టీమ్ 2015లో పెట్టిన నియమం, అంటే కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకంటే తక్కువ ఆడి ఉంటే డబ్బు వాపసు, దాన్నే తీసుకోండి. ఆడేవాళ్లకి అది ఇప్పటికే తెలుసు.

గేమ్ విషయానికొస్తే, రెండో భాగం మీ దగ్గర అమ్మకానికి ఉన్న సిరీస్‌లో మొదటి భాగం ఎంచుకోండి. కథ మధ్యలో ఆగినవాడికి రెండోది కొనే బటన్ ఎదురుగానే కనిపించాలి. ‘ఎంతమంది తీసుకున్నారు’ అన్న అంకె మీ స్నేహితులకి చాలా అందంగా కనిపిస్తుంది, దాన్ని పక్కనపెట్టండి. తీసుకున్నవాళ్లలో ఎంతమంది ఇన్‌స్టాల్ చేశారు, వాళ్లలో ఎంతమంది మూడు నెలల్లో ఏదో ఒకటి డబ్బిచ్చి కొన్నారు, ఈ రెండు లెక్కలూ రాసుకోండి. రెండో లెక్క కదలకపోతే ఇంకో గేమ్‌కి డబ్బు పెట్టొద్దు.

డెవలపర్‌కి ఇచ్చే మొత్తం మాత్రం పారదర్శకంగా, ముందే ఇవ్వండి. ‘మీకు పేరొస్తుంది’ అని చెప్పి ఉత్తినే అడగొద్దు, ఇది వ్యక్తిగతంగా నా విన్నపం.

మాధవి_బిల్డ్స్

ఉత్తినే అడగం, మాటిస్తున్నాను. మా దగ్గర రీఫండ్ ఇంకా చేత్తో ఈమెయిల్ ద్వారానే నడుస్తోంది. నెలకో గేమ్ ఆలోచన ఆపి ముందు దాన్ని సరిచేద్దామని ఈ రాత్రే మిగతావాళ్లతో చెప్తాను. రెండు భాగాలున్న పజిల్ గేమ్ ఒకటి మా జాబితాలో ఉంది, ఆ డెవలపర్‌తో కూడా మాట్లాడి ఏమైందో ఇక్కడే రాస్తాను.