అప్‌డేట్: నాన్న సోడియం 116 నుంచి 134కి వచ్చింది

పోయిన వారం అడిగాను కదా, నాన్నకు రక్తంలో సోడియం (ఉప్పు) 116కి పడిపోయింది, సెలైన్ ఎక్కించి వెంటనే మామూలు స్థాయి 135కి తేకుండా డాక్టర్లు ఎందుకు ఆగుతున్నారని. ఇప్పుడు 134. నిన్న ఐసీయూ నుంచి వార్డుకు మార్చారు.

కారణం బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయాజైడ్ అనే మూత్రం ఎక్కువ చేసే మందు అని తేలింది, ఆపేశారు. మొదటి రోజు దుప్పటి అంచు దారాలు లాగుతూ నన్ను "అన్నయ్యా" అని పిలిచారు. అప్పుడు 3 శాతం సెలైన్ (మామూలు సెలైన్ కంటే ఉప్పు ఎక్కువున్నది) కొద్దిగా ఇచ్చి, 120 దాటగానే ఆపేశారు. నాకు చాలా కోపం వచ్చింది. కానీ తక్కువ సోడియానికి మెదడు కణాలు రెండు రోజుల్లో అలవాటు పడిపోతాయట. ఒక్కసారిగా పెంచితే నరాల పైపొర దెబ్బతిని మాట, కాళ్లూ చేతులూ పడిపోవచ్చు. అందుకే 24 గంటల్లో 8కి మించి పెరగకుండా చూశారు.

రెండో రాత్రి యూరిన్ బ్యాగ్ గబగబా నిండుతుంటే మంచిదే అనుకున్నాను. నర్సు మాత్రం వెంటనే డాక్టర్‌ని పిలిచారు. నీరు అలా పోతే సోడియం దానంతటదే వేగంగా పెరుగుతుందట! తెల్లారేదాకా నాలుగు గంటలకోసారి రక్తం తీసి చూశారు.

పోయిన వారం నా ప్రశ్నకు "ముందు, వాడుతున్న మందులు డాక్టర్లకు చూపించండి" అన్నవారికి ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా తక్కువే. ఈ ఉదయం నాన్న నన్ను పేరు పెట్టి పిలిచి, కళ్లజోడు ఎక్కడ పెట్టావని అడిగారు.