సిగ్నల్ దగ్గర ఆగితే ఏసీ వేడిగాలి: పాత బండికి మళ్లీ గ్యాస్ పట్టించాలా?

ప్రశ్న:
2010 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, విజయవాడలో తిరుగుతుంది. హైవే మీద ఏసీ చల్లగానే ఉంటుంది. బెంజి సర్కిల్ సిగ్నల్‌లో రెండు నిమిషాలు ఆగితే వేడిగాలి, కదిలితే మళ్లీ చల్లన. కిందటి వేసవిలో గ్యాస్ నింపించాం. ఇప్పుడూ గ్యాసే తక్కువైందంటున్నారు. పట్టించమంటారా?

జవాబు 1:
ఇప్పుడే వద్దండి. ముందు కండెన్సర్ (గ్రిల్ వెనక ఉండి ఏసీ గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ) ఫ్యాన్ చూడండి. బండి నడుస్తుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లారుస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. అది తిరక్కపోతే హై సైడ్ (కంప్రెసర్ నుంచి గ్యాస్ బయటికొచ్చే వైపు) ప్రెషర్ పెరిగి, ప్రెషర్ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. ఆ స్థితిలో గ్యాస్ ఎక్కువైతే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి బానెట్ ఎత్తండి. ఏసీ కంప్రెసర్ క్లచ్ టక్కుమని పట్టుకున్న కాసేపటికి ఫ్యాన్ తిరగాలి. తిరక్కపోతే ఫ్యూజు, ఆ తర్వాత రిలే చూడండి. అవి బాగుంటే ఇంజిన్ ఆపి, కనెక్టర్ విప్పి, మోటారుకి బ్యాటరీ నుంచి నేరుగా 12 వోల్టులు ఇవ్వండి. అప్పుడూ కదలక, పుల్లతో నెడితే తిరిగిందంటే కార్బన్ బ్రష్‌లు (మోటారు లోపల కరెంటు అందించే ముక్కలు) అరిగాయి. చెయ్యి మాత్రం పెట్టకండి.

జవాబు 2:
ఇంకో తేలిక పరీక్ష. వేడిగాలి వస్తున్నప్పుడు గ్రిల్‌లోంచి కండెన్సర్ మీద రెండు మగ్గుల నీళ్లు పోయండి. వెంటనే చల్లబడితే లోపం గ్యాస్‌లో కాదు, కండెన్సర్‌కి గాలి ఆడకపోవడంలో. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటే కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య దుమ్ము పేరుకుని ఉంటుంది. మామూలు నీళ్ల పైపుతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే కండెన్సర్ సన్న రెక్కలు వంగిపోతాయి.

జవాబు 3:
ప్రెషర్ గేజులు పెట్టకుండా గ్యాస్ తక్కువని చెప్పేవాళ్లని నమ్మొద్దు. ఇంజిన్ ఆపి చూసే రీడింగ్ కూడా చాలదు. ఆర్134ఏ (ఇలాంటి బండ్ల ఏసీలో ఉండే) గ్యాస్ 35 డిగ్రీల దగ్గర సుమారు 115 పీఎస్ఐ ప్రెషర్ చూపిస్తుంది, సిస్టమ్‌లో కాస్త ద్రవం మిగిలున్నా అంతే చూపిస్తుంది. 1500 ఆర్‌పీఎం దగ్గర చూడాలి. హై సైడ్, లో సైడ్ (గ్యాస్ కంప్రెసర్‌లోకి వెళ్లే వైపు) రెండు వైపులా తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండు వైపులా ఎక్కువైతే కండెన్సర్ చల్లారడం లేదు, లేదా గ్యాస్ ఎక్కువ నింపారు. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ ఉంటే కంప్రెసర్ బలహీనపడింది.

నిజంగానే ఏడాదికోసారి గ్యాస్ పోతుంటే లీకేజీ ఉన్నట్టే. నైట్రోజన్ ఎక్కించి ఓ-రింగులు (పైపుల అతుకుల దగ్గరి రబ్బరు రింగులు), గ్యాస్ నింపే సర్వీస్ వాల్వుల దగ్గర సబ్బు నీళ్లతో వెతికించండి. కూలింగ్ కాయిల్ డ్యాష్‌బోర్డు లోపల ఉంటుంది, దానికి లీక్ డిటెక్టర్ కావాలి. లీకు కట్టాక అరగంట వ్యాక్యూమ్ లాగి, పదిహేను నిమిషాలు నిలుస్తుందో చూసి, బానెట్ కింద స్టిక్కర్ మీదున్న గ్రాముల ప్రకారం తూకంతో నింపించండి.

ప్రశ్న అడిగినవారు:
నీళ్లు పోస్తే చల్లబడింది. ఫ్యాన్ పుల్లతో నెడితేనే తిరుగుతోంది. బ్రష్‌లు చాలా, మోటారే మార్చాలా?

జవాబు 1:
మోటారే మార్చండి. ఈ వయసుకి మోటారు ఇరుసు తిరిగే బుష్‌లు కూడా అరిగి ఉంటాయి. బిగించాక గ్రిల్ ముందు కాగితం ముక్క పెట్టి చూడండి. అది లోపలికి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే వైర్లు తారుమారయ్యాయి, ఫ్యాన్ ఎదురు తిరుగుతోంది.