పాత కారు రిమ్ములకు తుప్పు: ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా, బ్లాస్టింగ్‌కి పంపాల్సిందేనా?

పాతబండి:
నాన్నగారు నడిపిన 1960ల నాటి కారును మళ్లీ రోడ్డెక్కించాలని ఆరు నెలలుగా పని చేస్తున్నాను. మొన్న టైర్లు విప్పి, స్టెప్నీతో కలిపి ఐదు ఉక్కు రిమ్ములూ చూసేసరికి దిగులేసింది. బయట పెయింటు పొక్కులు లేచింది, అది ముందే తెలుసు. లోపల టైరు అంచు కూర్చునే చోటంతా తుప్పు పెచ్చులే. రెండు చక్రాల్లో గాలి నిలవకపోతే ఇన్నాళ్లూ వాల్వుదే తప్పనుకున్నాను. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గరుకు రేణువులు కొట్టి తుప్పు ఊడగొట్టడం), పౌడర్ కోటింగ్ (రంగు పొడి చల్లి వేడితో కరిగించి పట్టించే పూత) చేయించెయ్యమని స్నేహితుడు అంటున్నాడు. నాకేమో నా చేతులతోనే చేయాలని ఉంది. ఇంట్లో చేసింది నమ్మి బండి నడపొచ్చా?

తొట్టి_పద్ధతి:
నిక్షేపంగా చేయొచ్చు. నేను ఐదూ ఎలక్ట్రాలసిస్‌తోనే చేశాను. పెద్ద ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు, అందులో వాషింగ్ సోడా. 12 వోల్టుల బ్యాటరీ ఛార్జర్ నెగటివ్ తీగ రిమ్ముకి, పాజిటివ్ తీగ పనికిరాని ఇనుప రేకుకి. తుప్పు మెత్తబడి నల్లటి మడ్డిలా ఊడొస్తుంది, మంచి లోహం అలాగే ఉంటుంది. గ్రైండర్‌తో ఇది సాధ్యం కాదు, అది తుప్పుతో పాటు ఉక్కునీ తినేస్తుంది. రేకు ఎదురుగా ఉన్న వైపే బాగా శుభ్రపడుతుంది కాబట్టి రిమ్మును తిప్పుతూ ఉండాలి.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. స్టెయిన్‌లెస్ స్టీల్‌ను రేకుగా వాడొద్దు, నీళ్లలో విషపూరితమైన క్రోమియం చేరుతుంది. హైడ్రోజన్ వాయువు వస్తుంది కనుక ఆరుబయట పెట్టండి, క్లిప్పులు తీసే ముందు కరెంటు ఆపండి.

గుంటల_సంగతి:
తొట్టి అన్న చెప్పింది తప్పు కాదు గానీ, తొట్టిలోంచి తీశాక జరిగేదాని గురించి ఎవరూ మాట్లాడరు. తడి ఆరేలోపే కొత్త తుప్పు పట్టేస్తుంది. ఇక వైర్ బ్రష్ అయితే గుంటల్లోని తుప్పును తీయదు, పైన నున్నగా రుద్దుతుందంతే. దాని మీద వేసిన పెయింటు ఒక వానాకాలం దాటదు. బ్లాస్టింగ్ గుంట అడుగుదాకా వెళ్తుంది, పైగా ప్రైమర్ పట్టుకోవడానికి కావలసిన గరుకుదనం ఇస్తుంది. నా ఓటు దానికే. అయితే ఇంట్లో మామూలు ఇసుకతో ప్రయత్నించకండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, ఆ జబ్బు నయం కాదు.

నట్టు_సీటు:
నేను పౌడర్ కోటింగ్ చేయించి దెబ్బతిన్నవాణ్ని. పూత మామూలుగానే 60 నుంచి 100 మైక్రాన్ల మందం ఉంటుంది. నాకు చేసిన చోట నట్లు కూర్చునే ఏటవాలు అంచులను మూయకుండా మొత్తం కొట్టేశారు. నట్టు బిగించినప్పుడు పట్టింది ఉక్కును కాదు, పూతను. బండి నడిచేకొద్దీ పూత నలిగి బిగువు తగ్గింది. ఓ సాయంత్రం స్టీరింగ్ వణుకుతోంటే దిగి చూస్తే ఒకే చక్రానికి మూడు నట్లు వదులయ్యాయి. ఆ వణుకు ఇప్పటికీ గుర్తే. అందుకే ఇంట్లో చేసినా, బయట చేయించినా నట్టు సీట్లు, హబ్‌కి (చక్రం బిగించే ఇరుసు భాగానికి) ఆనే ముఖం మూసి ఉంచండి. చక్రాలు ఎక్కించాక 80-100 కిలోమీటర్లకు నట్లు మళ్లీ టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో) చూసుకోండి.

గుంటల_సంగతి:
ఇది నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను, పౌడర్ కోటింగ్ కన్నా ఎపాక్సీ ప్రైమర్, పైన పల్చటి పెయింటు మేలేమో.

వెల్డర్_చూపు:
మీరంతా తుప్పు ఎలా తీయాలనే వాదిస్తున్నారు. ఆ రిమ్ము బతికి ఉందో లేదో ముందు చూడాలి కదా! పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పొడిగా గీకొద్దు, నీళ్లు పోసి ఎమరీ పేపర్‌తో రుద్దండి. తర్వాత నట్టు రంధ్రాల చుట్టూ, మధ్య పళ్లెం రిమ్ముకి అతికిన చోట డై పెనిట్రెంట్ (చీలికల్లోకి ఇంకే ఎర్రరంగు ద్రవం) కొట్టి చూడండి. చీలిక ఉంటే ఎర్రటి గీతగా బయటపడుతుంది. పళ్లెం రివెట్లతో బిగించినదైతే గాలి అక్కడి నుంచీ పోతుంది, ట్యూబ్ వేసుకోక తప్పదు. టైరు అంచు కూర్చునే చోట పుట్టీ మాత్రం పెట్టకండి.

పాతబండి:
మూడు రోజులు పట్టింది. నాలుగు బాగున్నాయి. ఐదోదానికి ఒక నట్టు రంధ్రం నుంచి మధ్య రంధ్రం వైపు వెంట్రుకంత ఎర్రగీత. నాన్నగారు చివరిసారి నడిపినప్పుడు అది ముందు ఎడమ చక్రం. పక్కన పెట్టేశాను, మనసు మాత్రం ఒప్పుకోవట్లేదు. స్టెప్నీ రిమ్ము ఇప్పుడు తొట్టిలో ఉంది. ఆ చీలికకు వెల్డింగ్ పెట్టిస్తే?

వెల్డర్_చూపు:
వద్దండీ. వెల్డింగే నా వృత్తి, అయినా ఆ పని నేను చేయను. వేడి తగిలిన అంచున మళ్లీ చీలుతుంది, ఈసారి రోడ్డు మీద. దాన్ని పెయింటు వేసి గోడకు తగిలించుకోండి. అదే ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యగీత నుంచి హబ్‌కి ఆనే ముఖం దాకా దూరం), అవే రంధ్రాల కొలతలున్న రిమ్ము దొరికేదాకా స్టెప్నీ ఎక్కించి, దూరప్రయాణాలు మానుకోండి.