స్లైడు మధ్యలో వాటర్‌మార్క్ ఉండాలా, అంచున పేరుంటే సరిపోతుందా?

బ్రాడీపేట_ఫిజిక్స్:
గుంటూరులో పొద్దున చెప్పిన పాఠం స్లైడ్లు సాయంత్రానికి ఎవరెవరివో టెలిగ్రామ్ గ్రూపుల్లో తేలుతున్నాయి. అందుకని కోచింగ్ యాజమాన్యాలు ప్రతి స్లైడుకీ అడ్డంగా లేతగా పేరు, అంటే వాటర్‌మార్క్, వెయ్యమంటున్నాయి. పాఠం చెప్పేవాళ్లేమో బొమ్మలు, సూత్రాలు పాడవుతాయని, కింద అంచున పేరుంటే చాలని అంటున్నారు. ఎవరి మాట సబబు? వేసే పద్ధతితో సహా చెప్పండి. ఎక్కువమంది వాడేది పవర్‌పాయింట్.

గవర్నర్‌పేట_డీటీపీ:
అడ్డంగా వెయ్యాల్సిందేనండి. అంచున ఉన్న పేరుని క్రాప్ చెయ్యడానికి ఒక్క లాగుడు చాలు.

వర్డ్‌లో ఉన్నట్టు పవర్‌పాయింట్‌లో వాటర్‌మార్క్ బటన్ ఉండదు. వ్యూ ట్యాబ్‌లో స్లైడ్ మాస్టర్ (స్లైడ్లన్నిటికీ అడుగున ఉండే మూస) తెరిచి, ఎడమ వరుసలో అన్నిటికన్నా పైనున్న పెద్ద బొమ్మని ఎంచుకోండి. దాని కింద చిన్నగా ఉండేవి లేఅవుట్లు, అంటే ఒక్కో రకం స్లైడుకి ఒక్కో అమరిక. పొరపాటున వాటిలో ఒకదానిమీద వేస్తే ఆ లేఅవుట్ వాడిన స్లైడ్లకే వస్తుంది. పెద్ద బొమ్మ మీద టెక్స్ట్ బాక్స్ పెట్టి పేరు రాయండి. అందరూ 45 డిగ్రీలు తిప్పేస్తారు, దాంతో అక్షరాలు పైనా కిందా బయటికి పోతాయి. 13.33 × 7.5 అంగుళాల స్లైడుకి మూల నుంచి మూలకి వాలు సుమారు 29 డిగ్రీలే. రొటేషన్ గడిలో 330 కొట్టండి. పాత 4:3 స్లైడైతే 323. తర్వాత ఫార్మాట్ షేప్‌లో టెక్స్ట్ ఫిల్ కింద ట్రాన్స్‌పరెన్సీ 80 నుంచి 85 శాతం పెట్టి, సెండ్ టు బ్యాక్ చేసి, మాస్టర్ మూసెయ్యండి.

ఇంత చేసినా కొన్ని స్లైడ్లలో రాదు. ఆ లేఅవుట్‌లోనో స్లైడులోనో హైడ్ బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ పెట్టి ఉండొచ్చు, టైటిల్ స్లైడుకి ఇది మామూలే. లేదా ఇంకో ఫైలు నుంచి స్లైడ్లు తెచ్చేటప్పుడు కీప్ సోర్స్ ఫార్మాటింగ్ నొక్కి ఉంటారు. అప్పుడు వాటి వెనకాలే రెండో మాస్టర్ కూడా వచ్చి కూర్చుంటుంది. దానిమీద మళ్లీ విడిగా వెయ్యాలి.

బెంజిసర్కిల్_మ్యాథ్స్:
డీటీపీ గారూ, మీరు వేసిన దారిలోనే వెళ్లి మాస్టర్‌లో ఆ బాక్సుని డిలీట్ కొడితే అరవై స్లైడ్లలోనూ ఒక్కసారే పోతుంది. పైగా అది మాస్టర్ మీద, అంటే అన్నిటికీ అడుగున ఉంటుంది. స్లైడంతా నిండిన బొమ్మ వస్తే దాని వెనక దాక్కుంటుంది. జనం ఎత్తుకుపోయేది ఆ బొమ్మల్నే కదా! ఇంకోటి, ఫైలు పేరు చివర పీపీటీఎక్స్ తీసేసి జిప్ అని మార్చి తెరవండి. మీడియా అనే ఫోల్డర్‌లో మీరు పెట్టిన ఫోటోలన్నీ ఏ మచ్చా లేకుండా వరసగా ఉంటాయి.

ఇక చదువుకునేవాడి సంగతి చూడండి. కాగితానికి ఆరు స్లైడ్ల చొప్పున ప్రింటు తీసి, దానికి జిరాక్సు తీసుకుంటాడు. లేత బూడిద రంగు జిరాక్సులో చుక్కలు చుక్కలుగా మారుతుంది. ఆ చిన్న సైజులో లెన్స్ సూత్రంలోని మైనస్ గీత వెంట్రుకంత ఉంటుంది. ఆ చుక్కల్లో అది కలిసిపోయిందంటే సంజ్ఞ తప్పు, లెక్క తప్పు. దొంగకి అడ్డం రాదు గానీ పిల్లాడికి మాత్రం అడ్డం!

ఇన్సర్ట్‌లో హెడర్ అండ్ ఫుటర్ తెరిచి, ఫుటర్‌లో (కింది అంచు గడి) పేరు రాసి, అప్లై టు ఆల్ కొట్టండి. ఫుటర్ గడి లేని లేఅవుట్లలో అది కనబడదు, అదొక్కటి చూసుకుంటే చాలు.

గవర్నర్‌పేట_డీటీపీ:
జిరాక్సు మాట ఒప్పుకుంటాను. కానీ పిల్లలకి అసలు పీపీటీ ఫైలే పంపమని ఎవరు చెప్పారండీ? పీడీఎఫ్ చేసి, దానిమీద ముద్ర వెయ్యండి. పీడీఎఫ్‌టీకే అని ఉచితంగా దొరికే టూల్ ఉంది. అందులో బ్యాక్‌గ్రౌండ్ అనే ఆదేశం ముద్రని పాఠం కింద పెడుతుంది, స్టాంప్ అనేది పైన పెడుతుంది. స్టాంప్ వాడితే బొమ్మల వెనక దాక్కునే బాధ ఉండదు. ముద్ర ఉన్న విడి పీడీఎఫ్ పేజీ సైజు కూడా స్లైడులాగే 13.33 × 7.5 ఉండాలి, లేకపోతే సాగదీసో కుదించో అతికిస్తుంది. ముద్ర పీడీఎఫ్‌కి తెల్లటి నేపథ్యం ఉంటే పాఠమంతా సున్నం కొట్టినట్టు కప్పేస్తుంది. నలభై మందికి పంపేముందు ఒక్కటి తెరిచి చూసుకోండి.

సెంటర్ పేరు కన్నా పిల్లాడి రోల్ నంబరు ముద్రగా వేస్తేనే ఫలితం. వర్డ్‌లోని మెయిల్ మెర్జ్‌లో పేజీకో నంబరు తయారుచేసి, పీడీఎఫ్‌టీకేలోని బర్స్ట్ ఆదేశంతో పేజీలుగా విడగొట్టి, ఒక్కో కాపీకి ఒక్కోటి వెయ్యాలి. ఎక్కడ తేలినా ఎవరి కాపీయో తెలుస్తుంది. ఫోన్ నంబరు మాత్రం వెయ్యకండి. కాపీ బయటికి పోతే దాంతోపాటు ఆ పిల్లాడి నంబరూ ఊరంతా తిరుగుతుంది.

లబ్బీపేట_టైపు:
పేరు తెలుగులో వేసేవాళ్లకి ఒక మాట. యూనికోడ్ కాని అను ఫాంటులో కొట్టిన పేరు ఆ ఫాంటు లేని కంప్యూటర్లో గజిబిజి ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తుంది. వాటర్‌మార్క్ అంటే ప్రతి స్లైడులోనూ అదే గజిబిజి, అదీ నిలువెత్తున! గౌతమి అనే యూనికోడ్ ఫాంటులో కొట్టినా, అది లేని మెషీన్‌లో వేరే ఫాంటు వచ్చి వెడల్పు మారి పేరు రెండు వరసలకి విరుగుతుంది. టెక్స్ట్ బాక్సు మీద రైట్ క్లిక్ చేసి సేవ్ యాజ్ పిక్చర్‌తో పీఎన్‌జీగా దాచి, మాస్టర్‌లో ఆ బొమ్మనే పెట్టండి. పారదర్శకత ఆ తర్వాత బొమ్మకే ఇవ్వొచ్చు.

అరండల్‌పేట_లా:
వాటర్‌మార్క్ లేకపోతే హక్కు ఉండదనుకుంటున్నారేమో, అదేం లేదు. 1957 కాపీరైట్ చట్టం కింద రచన చేసినప్పుడే హక్కు పుడుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ముద్రకీ చట్టంలో పని ఉంది. 2012 సవరణలో వచ్చిన 65బి సెక్షన్ ప్రకారం, హక్కుదారు ఎవరో తెలిపే సమాచారాన్ని అధికారం లేకుండా, తెలిసే తీసేస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. అందుకని ఉత్త లోగో కాకుండా హక్కుదారు పేరు, సంవత్సరం కనబడేలా రాయండి. పాఠ్యపుస్తకం నుంచి ఎత్తిన బొమ్మ మీద మీ పేరు వేస్తే మాత్రం తిరగబడుతుంది, అది మీది కాదు కదా.

బెంజిసర్కిల్_మ్యాథ్స్:
రోల్ నంబరు ముద్రకి నాకు అభ్యంతరం లేదు. అదీ మధ్యలో వద్దు, పై మార్జిన్‌లో ఒకటి, కింది మార్జిన్‌లో ఒకటి.

గవర్నర్‌పేట_డీటీపీ:
మార్జిన్ మళ్లీ క్రాపే! క్లాసులో ఫోన్‌తో తెరని ఫోటో తీసేవాడు పాఠం వరకే తీస్తాడు, అంచులు వదిలేస్తాడు. అక్కడ రోల్ నంబరూ ఉండదు. మీ ఫుటర్ ఏం చేస్తుంది?

బెంజిసర్కిల్_మ్యాథ్స్:
ప్రొజెక్టర్ మీద మీ 85 శాతం ఏం చేస్తుందో ముందు చెప్పండి. ట్యూబ్‌లైట్లు వెలుగుతున్న గదిలో తెల్లటి స్లైడు మీద అది కంటికే ఆనదు, ఇక ఫోన్‌కేం దొరుకుతుంది? 60కి తెస్తే పాఠాన్ని మింగేస్తుంది. దానికన్నా, సొంతంగా గీసిన బొమ్మలో అక్షం పక్కన, గీతకి ఆనించి పేరుని చిన్నగా రాసి, రెంటినీ గ్రూప్ చేసి, కట్ చేసి, పేస్ట్ స్పెషల్‌లో పీఎన్‌జీగా అతికించండి. దాన్ని క్రాప్ చెయ్యాలంటే గ్రాఫే తెగుతుంది.

బ్రాడీపేట_ఫిజిక్స్:
అయితే క్లాసు ఫైలుకి ఫుటర్, బొమ్మల్లోపల పేరు, పంపే పీడీఎఫ్‌కి రోల్ నంబరు స్టాంపు. స్టాంపు మధ్యలోనా, మార్జిన్‌లోనా అన్నది ముందు రెండు రకాలూ ఆరు స్లైడ్ల కాగితం మీద జిరాక్సు తీసి, మైనస్ కనబడుతుందో లేదో చూశాక తేలుస్తాం.